స్తంభం వెనక సీటు

బస్సులో సీటు తగాదా తీర్చడం వేరు, నాటకాల హాల్లో తీర్చడం వేరు. ఈ సంగతి కండక్టరుకి ఆ ఎండాకాలంలో గానీ తెలిసిరాలేదు.

ఏటా వేసవిలో ఆ ఊళ్ళో నాటకోత్సవం జరుగుతుంది. దాంతోపాటే పెద్దవాళ్ళకో క్లాసు కూడా నడుస్తుంది. నటించడం నేర్పే క్లాసు కాదు, చూడటం నేర్పే క్లాసు. "చూడటానికి కూడా క్లాసేంటే? దేవుడు కళ్ళిచ్చాడుగా!" అని అత్తగారు ముక్కున వేలేసుకుంది. అయినా కండక్టరు వినలేదు. ఏడాది పొడుగునా దాచుకున్న సెలవులన్నీ దీనికే ఖర్చు పెట్టేస్తుంది. సాయంత్రం అందరూ కలిసి నాటకం చూస్తారు. మర్నాడు పొద్దున్నే హాలు మేడమీద, పాత తెరలూ చెక్క కత్తులూ పడేసిన గదిలో గుండ్రంగా కూర్చుని మాట్లాడుకుంటారు. మాస్టారు పెట్టిన నియమం ఒక్కటే. బాగుంది, బాగాలేదు అనకూడదు. ఏం చూశారో అది చెప్పాలి.

మాస్టారుకి పేర్లు గుర్తుండవు. మొదటిరోజే "మీరేం చేస్తుంటారు?" అని అడిగి, ఆ పనినే పేరుగా తగిలించేస్తాడు. అలా ఆ గదిలో ఈవిడ కండక్టరు. ఎదురుగా కాలుమీద కాలేసుకుని కూర్చునే ఆయన లాయరు. తలుపు దగ్గర చివరి కుర్చీలో, ఎవరైనా లేవమంటే లేచిపోదామన్నట్టు అంచున కూర్చునే మనిషి కళ్ళజోళ్ళావిడ. కళ్ళజోళ్ళ షాపులో పని. వచ్చినవాళ్ళ ముక్కుకి సరిపడా ఫ్రేము వంచి పెట్టడం, అద్దాలు తుడిచి ఇవ్వడం. క్లాసుకి నాలుగేళ్ళ నుంచి వస్తోందట, ఒక్కనాడూ గొంతు పెగిలింది లేదు. ఆవిడ వంతు వచ్చినప్పుడల్లా "అందరూ చెప్పేశారండీ" అని నవ్వేసేది.

గొడవంతా టికెట్ల దగ్గర మొదలైంది.

క్లాసువాళ్ళందరికీ హాల్లో ఒకే వరస. హాలు పాతది. బాల్కనీ కూలకుండా ఇనుప స్తంభాలు నిలబెట్టారు. అందులో ఒకటి సరిగ్గా ఈ వరస ఎడమ కొసన ఉన్న సీటుకి ఎదురుగా, తాటిమానంత లావుగా ఉంటుంది. ఆ సీట్లో కూర్చుంటే వేదిక నడిమధ్య ఏం జరుగుతోందో మాటలు విని ఊహించుకోవలసిందే. రోజూ పొద్దున మాస్టారు టికెట్ల కట్ట తెచ్చి ఒకరి చేతికిస్తాడు. తలా ఒకటి తీసుకుని పక్కవాళ్ళకి అందిస్తారు. అంతే, ఇందులో మోసమేముంది? అనుకునేది కండక్టరు, లాయరు పక్కన కూర్చోనంతవరకూ.

మూడోరోజు లాయరు పక్కన కూర్చుంది. కట్ట ఆయన చేతికి రాగానే పై టికెట్టు బొటనవేలితో కొద్దిగా జరిపి నంబరు చూశాడు. చూసి దాన్ని మెల్లిగా కట్ట అడుక్కి తోసేసి, రెండోది లాగాడు. పొద్దస్తమానం టికెట్లు చింపుతూ బతికే మనిషి కంట్లో ఆ జారుడు పడకుండా పోతుందా! ఆమె కట్ట అందుకుని, తన టికెట్టు తీసుకుని, ఆ అడుగు టికెట్టు మీదే కన్నేసి ఉంచింది. అది చేతులు మారుతూ మారుతూ, ప్రతి చేతిలోనూ ఒకసారి కిందికి మునిగి, ఆఖరికి తలుపు దగ్గర కుర్చీకి చేరింది. కళ్ళజోళ్ళావిడ దాన్ని చూడను కూడా చూడకుండా సంచిలో వేసుకుంది.

"ఆగండాగండి," అంది కండక్టరు. రద్దీ బస్సులో వెనకమెట్టు దాకా వినపడే గొంతు అది. "ఏమండీ కళ్ళజోళ్ళగారూ, మీకు నిన్న ఏ సీటొచ్చింది?"

ఆవిడ ఉలిక్కిపడింది. "చివరిదేనండీ."

"మొన్న?"

"అదేనండీ. పర్లేదండీ."

"నిరుడు?"

ఆవిడ సంచి ఒళ్ళోకి లాక్కుంది.

"విన్నారా మాస్టారూ! ఏళ్ళ తరబడి ఈ మనిషి స్తంభాన్ని చూస్తోంది, మనం నాటకం చూస్తున్నాం. ఊరందరికీ కళ్ళజోళ్ళు పెట్టే మనిషికి మనం చూపించేది ఇదా?"

"ఆవిడేం అడగలేదుగా," అన్నాడు లాయరు, ప్యాంటు మీద లేని దుమ్ము దులుపుకుంటూ.

"నోరున్నవాళ్ళు ఎలాగూ అడుగుతారు సార్. నోరులేనివాళ్ళకి సీటు ఇప్పించడమే నా ఉద్యోగం." అని కండక్టరు లేచి వెళ్ళి, తన చేతిలో ఉన్న నడిమి సీటు టికెట్టు కళ్ళజోళ్ళావిడ ఒళ్ళో పెట్టింది. "ఇవాళ మీరక్కడ. నేను స్తంభం దగ్గర."

"వద్దండీ, నాకలవాటేనండీ," అని ఆవిడ రెండు చేతులా టికెట్టు వెనక్కి తోసింది. మొహం ఎర్రబడిపోయింది. "నిజంగానే వద్దండీ."

"మీరు మాట్లాడకండి. ఇంత మొహమాటం మంచిది కాదు." అని సంచిలోంచి స్తంభం టికెట్టు కండక్టరే లాగేసుకుంది. గదిలో ఎవరో చప్పట్లు కొట్టారు. మాస్టారు ఏదో అనబోయి, కళ్ళజోళ్ళావిడ వంక చూసి ఊరుకున్నాడు. కండక్టరుకి మాత్రం ఒళ్ళంతా తేలికైపోయింది. ఒక మంచిపని చేసి, పదిమంది ముందు చేసి, మధ్యాహ్నం ఇంటికెళ్ళి కడుపునిండా భోంచేసింది.

సాయంత్రం ఆ కడుపు చల్లదనం కాస్తా పోయింది. స్తంభం వెనక కూర్చోగానే తెలిసొచ్చింది, ఇది సీటు కాదు, శిక్ష. ఎడమపక్క నుంచి చూస్తే వేదిక మీద ఒక మంచం కాళ్ళు, సగం కిటికీ. నాయిక ఏడుస్తూ స్తంభంలోకి వెళ్ళిపోయింది. నాయకుడు స్తంభంలోంచే సమాధానం చెప్పాడు. మెడ ఎటు తిప్పినా ఇనుమే. "బుద్ధి తక్కువై మంచిపని చేశాను" అని తనని తాను తిట్టుకుంటూ, కుడిపక్కకి ఒరిగింది.

ఒరిగేసరికి అవతలి పక్క తెరల మధ్య సందు కనపడింది. ఆ సందులో ఒక మనిషి నిలబడి ఉన్నాడు.

పెద్దాయన. ఉత్సవంలో నాటకాలాడే బృందంలో అందరికన్నా వయసు మళ్ళిన నటుడు. ప్రతి నాటకంలోనూ చిన్నదో పెద్దదో వేషం ఉంటుంది. ఆయన అడుగు పెడితే చాలు హాలు కిలకిలలాడుతుంది. భయమంటే ఏమిటో తెలియని మనిషని ఊరంతా అనుకుంటుంది, కండక్టరూ అనుకునేది. ఇప్పుడాయన తెర వెనక గోడకి వీపు ఆనించి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. చేతులు వణుకుతున్నాయి. మామూలు వణుకు కాదు, వేసుకున్న కోటు చేతులు కూడా కదులుతున్నాయి. అరచేతులు కోటుకి తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. పెదవులు ఏదో గొణుగుతున్నాయి. ఒక అడుగు ముందుకేసి, రెండడుగులు వెనక్కి పోయాడు. పారిపోతాడేమో అనిపించింది. కండక్టరు 'ఎవరైనా పట్టుకోండయ్యా ఆ మనిషిని!' అని అరవబోయింది కూడా.

అంతలో ఆయన చెంప మీద తనే మెల్లిగా ఒకటి కొట్టుకున్నాడు. ఊపిరి పీల్చాడు. నడుము నిటారైంది, భుజాలు వెనక్కి పోయాయి, మొహంలోకి ఎక్కడినుంచో ఒక కొంటె నవ్వొచ్చి కూర్చుంది. ఆ నవ్వుతోనే స్తంభంలోకి నడిచి మాయమయ్యాడు. మరుక్షణం హాలు చప్పట్లతో దద్దరిల్లింది. ఆ చప్పట్లు వింటున్న కండక్టరుకి ఎందుకో ఏడుపొచ్చింది. తరవాత నాటకం ఏమైందో ఆమెకి పట్టనే లేదు. ఆ సందునే చూస్తూ కూర్చుంది.

మర్నాడు పొద్దున తన వంతు ఎప్పుడొస్తుందా అని కుర్చీలో నిలవలేకపోయింది. వంతు రాగానే లేచి నిలబడి, చూసిందంతా చెప్పింది. చెప్పడమేమిటి, చేసి చూపించింది. గోడకి ఆనుకుంది, చేతులు వణికించింది, రెండడుగులు వెనక్కి వేసింది, చెంప మీద కొట్టుకుంది. గదంతా నోరెళ్ళబెట్టింది. లాయరు కాలుమీద కాలు దించేశాడు. మాస్టారు కళ్ళద్దాలు తీసి "ఇదండీ చూడటమంటే" అన్నాడు. కండక్టరు జన్మలో ఇంత పొగడ్త ఎరగదు.

కళ్ళజోళ్ళావిడ మాత్రం తల ఎత్తలేదు. జేబురుమాలుతో తన అద్దాలు తుడుచుకుంటోంది, అవి అప్పటికే శుభ్రంగా ఉన్నా.

"అయితే ఇవాళ ఆ సీటు నాకు," అన్నాడు లాయరు.

"మీకెందుకండీ? వరసన రావాలిగా, మా వైపు నుంచి!" అంది ఇంకొకావిడ. నిన్నటిదాకా అంటరానిదైపోయిన టికెట్టు కోసం గది గదంతా లేచి నిలబడింది. ఎవరూ ఎవరి మాటా వినడంలేదు. చివరికి మాస్టారు బల్ల మీద చెక్క కత్తితో కొట్టి, "చీటీలు వేద్దాం. న్యాయంగా ఉంటుంది. కండక్టరుగారు నిన్న చెప్పింది అదేగా?" అన్నాడు. అవునని తలూపక తప్పలేదు.

ఆ సాయంత్రం చీటీ లాయరుకే వచ్చింది. మర్నాడు ఆయన పెదవి విరిచాడు. "మీరు చెప్పినంతేం వణకలేదండీ. మామూలుగానే ఉన్నాడు. నేను కాస్త లేచి నిలబడి కూడా చూశాను." ఆ మర్నాడు ఇంకొకావిడకి. ఆవిడ పక్కన కూర్చున్నవాళ్ళు కూడా మెడలు సాచి ఆవిడ మీద పడ్డారట. వెనకవాళ్ళు కసురుకున్నారట. స్తంభం వెనక జాతర అయిపోయింది.

ముగింపు నాటకానికి ముందురోజు మాస్టారు ఒక కబురు చెప్పాడు. పెద్దాయన రేపటి నాటకంతో వేషాలు మానేస్తున్నాడు. మోకాళ్ళు సహకరించడం లేదు. ఇక కూతురి దగ్గరికి వెళ్ళిపోయి, మనవళ్ళని ఆడిస్తూ ఉంటాడట.

క్లాసు అయ్యాక కండక్టరు మెట్లు దిగుతుంటే, కళ్ళజోళ్ళావిడ వెనకే వచ్చింది. ఇద్దరూ బస్టాపు దాకా కలిసి నడిచారు. ఎండ మండిపోతోంది. బస్టాపు నీడలో నిలబడ్డాక ఆవిడ, "ఏమండీ, రేపు చీటీలు కచ్చితంగా వేస్తారంటారా?" అని అడిగింది.

"వేస్తారు. ఏం? మీకా సీటు పడితే నాకిచ్చెయ్యండి, నేను చూసుకుంటా. మీకా స్తంభం తిప్పలు మళ్ళీ ఎందుకు?"

ఆవిడ నవ్వబోయింది. నవ్వు రాలేదు. "నేను కావాలనే కూర్చునేదాన్నండీ అక్కడ."

"ఏంటీ?"

"మొదటి ఏడాది ఆ టికెట్టే మిగిలిపోయి కూర్చున్నాను. ఆయన్ని చూశాను. తరవాత నుంచి కావాలనే చివరి కుర్చీలో కూర్చుంటున్నాను, ఆ టికెట్టు నాకే వస్తుందని."

కండక్టరు నుదురు కొట్టుకుంది.

"మరి చెప్పొచ్చుగా తల్లీ! ఆ రోజే నా నెత్తిన ఒక్కటి మొట్టి చెప్పొచ్చుగా!"

"చెబితే అందరికీ కావాలి కదండీ." ఆవిడ చేతిసంచి పట్టీని వేలికి చుట్టుకుంది, విప్పింది. "పొద్దున షాపు షట్టరు ఎత్తాలంటే నాకు చేతులు వణుకుతాయి. ఎదురుగా మనిషి కూర్చుంటే చెవుల వెనక ఫ్రేము తగిలించడానికి కూడా. చిన్నప్పటినుంచీ అంతే, జనమంటే భయం. ఇంట్లో చెబితే నవ్వుతారు. ఆయనకి అంత పేరుండి, ఇన్నేళ్ళు వేసి, రోజూ వణుకుతాడు. వణుకుతూనే వెళ్తాడు. అది చూసుకుంటే నాకు ఏడాది గడిచిపోతుందండీ." బస్సు వచ్చింది. ఆవిడ ఎక్కుతూ, "మీరు మంచికే చేశారు, నాకు తెలుసు" అంది. ఆ మాటతో కండక్టరుకి తల కొట్టేసినట్టయింది.

ఇంటికెళ్ళి చెప్పులు కూడా విప్పకుండా గడప మీద కూలబడింది. అత్తగారు వంటింట్లోంచి వచ్చి చూసింది. "ఏమైందే? పడ్డావా?"

"పడ్డాను అత్తయ్యా. చాలా ఎత్తునుంచి పడ్డాను." అని జరిగిందంతా చెప్పుకుంది.

అత్తగారు మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చి, ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, సావధానంగా విన్నది. "అంటే, ఆవిడ సీటు లాక్కుని, ఆవిడ మీదే దయ చూపించి, చప్పట్లు కొట్టించుకుని వచ్చావన్నమాట."

"అంతేగా."

"నువ్వు మంచిపని చేశానని ఇంటికొచ్చినప్పుడల్లా నాకు గుండె దడే. మొన్న చలికాలంలో నా పాత దుప్పటి ఎవరికో ఇచ్చి, చలికి నన్ను చంపావు." అత్తగారు గొంతు తగ్గించింది. "ఆవిడకి ఆ సీటు ఇప్పించు."

"ఎలా? చీటీల్లో ఎవరికి వస్తుందో!"

"అదంతా నాకు తెలీదు. సీట్లు ఇప్పించడం నీ ఉద్యోగం అన్నావట కదా."

మర్నాడు పొద్దున గది కిక్కిరిసిపోయింది. ఆఖరి నాటకం, పెద్దాయన ఆఖరి వేషం, స్తంభం వెనక ఒకే ఒక్క సీటు. మాస్టారు పాత కిరీటం ఒకటి వెల్లకిలా పెట్టి, "కండక్టరుగారూ, చీటీలు మీరే రాయండి. మీకంటే నమ్మకమైన మనిషి ఈ గదిలో ఎవరున్నారు?" అన్నాడు. లాయరు కూడా ఒప్పుకున్నాడు. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్క టికెట్టు తేడా రాని మనిషి. ఆ పేరు మీద మాటపడనివ్వదని అందరికీ తెలుసు.

ఆమె మూల బల్ల దగ్గరికి వెళ్ళి, అందరికీ వీపు పెట్టి కూర్చుంది. కాగితం ముక్కలు చింపింది. కలం పట్టుకుంది. ఉన్నమాట చెప్పుకోవాలి, మొదటి చీటీ మీద ఆమె చెయ్యి 'క' అని రాసి ఆగింది. ఆమెకీ ఆశ ఉంది. ఆ తెరల సందులో ఆ మనిషి ఆఖరిసారి భయపడటం, ఆఖరిసారి భయాన్ని దులుపుకుని వెళ్ళడం చూడాలని ప్రాణం లాగేస్తోంది. 'క' అంటే కండక్టరు. కాస్త గట్టిగా ఊపిరి తీసుకుని, 'ళ్ళజోళ్ళు' అని పూర్తి చేసింది. రెండో చీటీ మీదా అదే రాసింది. మూడో దాని మీదా అదే. రాస్తున్నకొద్దీ వేళ్ళు వేగం అందుకున్నాయి. అన్నిటి మీదా అదే. మడతలు పెట్టి కిరీటంలో పోసి, బాగా కలిపింది. కలపాల్సిన అవసరం ఏముంది గనక! అయినా కలిపింది.

"నేను తీస్తాను," అన్నాడు లాయరు.

"తీయండి సార్, మీ చెయ్యి మంచిది."

లాయరు కళ్ళు మూసుకుని, చాలాసేపు తడిమి, అడుగునుంచి ఒకటి తీశాడు. విప్పాడు. మొహం చిన్నబోయింది. "కళ్ళజోళ్ళు."

తలుపు దగ్గర కుర్చీలో కళ్ళజోళ్ళావిడ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"అసలు నా పేరు వేశారా, లేదా? ఏదీ, మిగతావి చూద్దాం," అని లాయరు కిరీటం మీదికి వంగాడు.

కండక్టరు ఒక్క ఉదుటున కిరీటం లాక్కుని చీటీలన్నీ తన భుజాన ఉన్న తోలుసంచిలో కుమ్మరించి, మూత బిగించేసింది. "చెకింగా? ఏంటి సార్, నన్నా? ఇన్నేళ్ళూ ఊరందరి టికెట్లూ చెక్ చేసింది నేను. బస్సు కదిలాక సీటు నంబర్లు అడిగితే ఊరుకోను." గదంతా ఘొల్లుమంది. లాయరుకి కూడా నవ్వొచ్చింది. నవ్వుతూనే వెళ్ళి కూర్చున్నాడు.

అందరూ వెళ్ళాక మాస్టారు కిరీటం గోడకి తగిలిస్తూ, ఆమె వైపు తిరక్కుండానే అడిగాడు. "అన్నీ ఒకటేనా?"

"ఒకటే మాస్టారూ."

"కండక్టరుగారూ!"

"తెలుసు మాస్టారూ. తప్పే."

"మూడోరోజే నేను నోరు విప్పాల్సింది," అన్నాడాయన. "ఆవిడ అక్కడ ఎందుకు కూర్చుంటుందో నాకు ఎప్పుడో తెలుసు. సరే, సాయంత్రం తొందరగా రండి, జనం విరగబడతారు."

విరగబడ్డారు. బాల్కనీ మెట్ల మీద కూడా కూర్చున్నారు. కండక్టరుకి సరిగ్గా నడిమి సీటు వచ్చింది, పక్కనే లాయరు. వరస కొడవలిలా వంగి ఉండటంతో, అక్కడినుంచి చూస్తే కొసన స్తంభం, స్తంభం వెనక కళ్ళజోళ్ళావిడ మొహం కనపడుతున్నాయి. వేదిక మీద దీపాల వెలుగు ఇనుప స్తంభాన్ని దాటి ఆవిడ సగం చెంప మీద పడుతోంది.

నాటకం మొదలైంది. ఇంట్లోవాళ్ళందరూ పోట్లాడుకుంటున్నారు. ఎప్పుడో ఇల్లు వదిలి వెళ్ళిన తాత ఏదో ఒక క్షణాన తలుపు తోసుకుని రావాలి. ఎప్పుడొస్తాడో ఎవరికీ తెలీదు. హాలంతా ఆ తలుపునే చూస్తోంది. లాయరు ముందుకి వంగి, తలుపుని కళ్ళతోనే తెరిచేసేలా ఉన్నాడు. వేదిక మీద ఒకసారి తలుపు కదిలింది. హాలు ఊపిరి బిగబట్టింది. పనిమనిషి వేషం వేసిన అమ్మాయి వచ్చింది. హాలంతా ఉస్సురంది.

కండక్టరు తలుపు వంక చూడటం మానేసింది. స్తంభం వైపు చూస్తోంది.

కళ్ళజోళ్ళావిడ ఇంతసేపూ వెనక్కి ఆనుకుని కూర్చుని ఉంది. ఇప్పుడు మెల్లిగా ముందుకి వచ్చింది. ఒళ్ళో చేతులు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. అవి వణుకుతున్నాయి. పెదవులు కదులుతున్నాయి. ఒకసారి కళ్ళు గట్టిగా మూసుకుంది. 'అయ్యో, వెనక్కి వెళ్ళాడు కాబోలు' అనుకుంది కండక్టరు, తనూ కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. ఆవిడ కళ్ళు తెరిచింది. ఇంకా రాలేదు, ఇంకా రాలేదు. వేదిక మీద పోట్లాట ముదిరింది. హాల్లో ఎవరో దగ్గారు. కండక్టరుకి ఇంక భరించడం కష్టమైపోయింది. ఆ సగం చెంప మీదినుంచి చూపు తిప్పుకోలేకపోయింది.

అప్పుడు కళ్ళజోళ్ళావిడ గుండెల నిండా ఊపిరి పీల్చింది. నడుము నిటారైంది. భుజాలు వెనక్కి పోయాయి. ఆవిడ మొహంలోకి, ఇన్నిరోజుల్లో ఎవరూ చూడని ఒక కొంటె నవ్వొచ్చి కూర్చుంది.

"వచ్చేస్తున్నాడు," అంది కండక్టరు పైకే.

"ఎక్కడ? ఎక్కడ?" అన్నాడు లాయరు, తలుపు వంకే చూస్తూ.

తలుపు ఇంకా మూసే ఉంది. కండక్టరు అందరికన్నా ముందు చప్పట్లు మొదలుపెట్టింది.